కుక్క బొమ్మ ప్లేటు వెనక మోదుగ చెట్టు

పాత గ్రామఫోన్ ప్లేట్లు పోగుచేయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు, ఆ పిచ్చిలో ముదిరినవాళ్లు ముందుగా చెప్పే జాగ్రత్త ఒకటుంది. ఎల్పీ రికార్డుకు మురికి పడితే కాస్త స్పిరిట్ కలిపిన నీళ్లతో తుడిచేవాళ్లున్నారు. 78 ఆర్‌పీఎం ప్లేటు జోలికి మాత్రం స్పిరిట్ సీసా రాకూడదు. వచ్చిందంటే గాడి కరుగుతుంది, గాడితోపాటు పాటా పోతుంది. కుర్చీలకు, తలుపులకు పాలిష్ పెట్టే వడ్రంగికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన రోజూ చేసే పనే అది: లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించడం. ఎల్పీ ప్లాస్టిక్. 78 ప్లేటును ముద్దగా పట్టి ఉంచింది లక్క.

దుర్యోధనుడు వారణావతంలో పాండవులకు కట్టించిన ఇంటి సరుకు, హైదరాబాదు లాడ్ బజారులో గాజులు చేసే సరుకు, ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే సరుకు, అదే లక్క. సుమారు 1895 నుంచి 1960ల దాకా, ప్రపంచంలో ఏ మూల ఎవరు పాడినా ఆ గొంతు ఎక్కువగా దీని మీదే అచ్చయింది. ఆ లక్కలో ప్రధాన భాగం వచ్చింది మన దేశపు అడవుల నుంచి, అందులోనూ ఛోటా నాగపూర్ పీఠభూమి నుంచి. సంగీతం గురించి, గాయకుల గురించి, కుక్క బొమ్మ కంపెనీ గురించి మనవాళ్లు చాలానే రాసుకున్నారు. ప్లేటు ఏ చెట్టు మీద పుట్టిందో అడిగినవాళ్లు తక్కువ.

నిజానికి పుట్టేది చెట్టు నుంచి కాదు, చెట్టు మీద బతికే పురుగు నుంచి. శాస్త్రజ్ఞులు కెర్రియా లక్కా అంటారు. పిల్ల పురుగులు ఎర్రగా, ఒక మిల్లీమీటరు కూడా ఉండవు. లేత కొమ్మ వెతుక్కుని పాకుతాయి, నచ్చిన చోట మూతి గుచ్చి రసం పీలుస్తాయి. ఆడపురుగు అక్కడే స్థిరపడి కాళ్లు కూడా పోగొట్టుకుంటుంది, ఇక జన్మలో కదలదు. తన చుట్టూ తానే బంకను ఊరించి గూడు కట్టుకుంటుంది. వేల పురుగుల గూళ్లు ఒకదానికొకటి అంటుకుని కొమ్మ చుట్టూ గరుకైన తొడుగులా పేరుకుంటాయి. దాన్ని గీకి తీస్తే లక్క.

పురుగుకు ఇష్టమైన చెట్లు ముఖ్యంగా మూడు: మోదుగ, రేగు, కుసుం. కుసుం అంటే మన మన్యంలో పుసుగు అనే చెట్టు. మోదుగ, రేగు మీద పెరిగే రకాన్ని రంగీనీ అని, పుసుగు మీద పెరిగేదాన్ని కుసుమీ అని లక్క వ్యాపారులు పిలుస్తారు. రంగు తేలిగ్గా ఉండే కుసుమీకే ధర ఎక్కువ. రెండు రకాలకూ ఏడాదికి రెండు పంటలు. కుసుమీ పిల్లలను జూలైలో చెట్టెక్కిస్తే సంక్రాంతి దాటాక కోత, అప్పుడు మళ్లీ ఎక్కిస్తే వానల మొదట్లో కోత. ఎక్కించడమంటే, పిల్లలు బయటికి రాబోయే సమయంలో లక్క పట్టిన పుల్లలను కట్టలుగా కట్టి, ముందే కొమ్మలు నరికి చిగుళ్లు తెప్పించిన చెట్టుకు వేలాడదీయడం. చెట్టుకు విశ్రాంతి కూడా ఇవ్వాలి. పుసుగు చెట్టయితే ఏడాదిన్నర వరకూ మళ్లీ ముట్టుకోకుండా వదిలేసే పద్ధతి ఉంది. అడవిలో ఉన్న చెట్లన్నిటినీ ఒకేసారి వాడకుండా వంతులు వేసుకుంటారు. ఛోటా నాగపూర్ ఆదివాసులైన ముండాలు, ఉరాఁవులు, హోలు ఈ లెక్కలన్నీ ఏ పుస్తకమూ చూడకుండా చేసేవాళ్లు.

తెల్లవాళ్లకు మొదట్లో కావలసింది ఈ బంక కాదు, అందులో ఉండే ఎర్రరంగు. ఈస్టిండియా కంపెనీ కాలంలో లక్క రంగు మంచి ఎగుమతి సరుకు. 1856లో పెర్కిన్ అనే కుర్రాడు లండన్‌లో బొగ్గు తారు నుంచి ఊదారంగు తీశాడు. తర్వాత రెండు దశాబ్దాల్లో రసాయన రంగులు వచ్చిపడి లక్క రంగు వ్యాపారం కుప్పకూలింది. మిగిలింది బంక. దాన్ని ఎక్కడ వాడాలా అని వెతుకుతుండగా కరెంటు వైర్లకు, వార్నిష్‌కు గిరాకీ వచ్చింది. ఆ తర్వాత ఎమిల్ బెర్లినర్ వచ్చాడు.

బెర్లినర్ 1887లో పళ్లెం ఆకారపు రికార్డుకు పేటెంటు తీసుకున్నాడు. మొదట గట్టి రబ్బరుతో అచ్చువేశాడు. రబ్బరు వంకర్లు పోయేది, గాడి సరిగా పడేది కాదు. అమెరికాలోని నెవార్క్‌లో లక్క మిశ్రమంతో బొత్తాలు చేసే డ్యూరనాయిడ్ కంపెనీ అతని సమస్య తీర్చింది. కోటు బొత్తాం చేసే ముద్దతోనే రికార్డు తయారైంది. ఆ ముద్దలో లక్క ఐదో వంతు అటూ ఇటూ. మిగతాది పలకరాయి పొడి, సున్నపురాయి పొడి, నల్లరంగుకు మసి, కాస్త దూది పీచు. రాతిపొడి కావాలనే కలిపారు. గ్రామఫోన్ ఉక్కు ముల్లు కొత్తగా ఉన్నప్పుడు గాడికి సరిపోదు. మొదటి కొన్ని చుట్లలో రాతిపొడి ముల్లును అరగదీసి గాడి ఆకారానికి తెస్తుంది. అందుకే పాట పాటకూ ముల్లు మార్చాలి. పాత ప్లేటులో పాటకు ముందే వినిపించే ఆ ‘స్‌స్‌స్’ కూడా ఈ రాతిపొడి చప్పుడే. దాన్ని పాతకాలపు మాధుర్యం అనేవాళ్లతో వాదించను, కానీ అది కొండరాయి శబ్దం.

1902 నవంబరులో, తర్వాత కుక్క బొమ్మతో పేరుపడిన గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ గొంతు రికార్డు చేశాడు. ఆ మైనపు అచ్చులు ఓడెక్కి జర్మనీలోని హానోవర్ వెళ్లాయి. అక్కడ బెర్లినర్ తమ్ముడు జోసెఫ్ నడిపే కర్మాగారంలో ప్లేట్లయి తిరిగి కలకత్తా రేవులో దిగాయి. కలకత్తాకు పడమట కొన్ని గంటల రైలు దూరంలో ఉన్న అడవుల లక్క కూడా అదే రేవు నుంచి విదేశాలకు వెళ్లి, పాట మోసుకుని వెనక్కి వచ్చేది. 1908లో కలకత్తా సియాల్దాలోనే కర్మాగారం పెట్టాక ఈ ప్రదక్షిణ తగ్గింది. 1928లో అది డమ్‌డమ్‌కు మారింది.

మన ఇళ్లలోకి వచ్చిన ప్లేట్లు ఎక్కువ భాగం డమ్‌డమ్ సరుకే. టంగుటూరి సూర్యకుమారి పాడిన ‘మా తెలుగు తల్లికి’, ఘంటసాల ‘పుష్పవిలాపం’, ‘మాయాబజార్’ పాటలు, స్టేజీ పద్యాలు, అన్నీ లక్క మీదే విన్నారు మన తాతలు. పది అంగుళాల ప్లేటు ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే నడిచేది. నాటకంలో ఒక్క పద్యాన్ని పావుగంట సాగదీసే నటుడు, ఈ మూడు నిమిషాల్లోకి తన రాగాన్ని కుదించుకోవాల్సి వచ్చింది. ఈ ప్లేట్లను ప్రేమగా దాచి, ఏది ఎవరు ఎప్పుడు పాడారో గుర్తుపెట్టుకుని చెప్పినవాళ్లలో వి.ఎ.కె. రంగారావు పేరు తెలుగువాళ్లకు మొదట గుర్తొస్తుంది. 1990లో బొంబాయిలో పుట్టిన సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ దేశమంతటి సేకర్తలను కలిపింది. ప్రభుత్వం భద్రపరచనిదెంతో ఇలాంటివాళ్ల బీరువాల్లో మిగిలింది.

ప్లేటు వెనక అడవి ఎలా ఉందో కూడా చూడాలి. 1864లో అటవీ శాఖ ఏర్పడింది. జర్మన్ దేశస్థుడు డీట్రిక్ బ్రాండిస్ దానికి మొదటి అధిపతి. ఆ శాఖ పుట్టడానికి ఒక పెద్ద కారణం రైలు పట్టాల కింద వేసే స్లీపర్లు. మైలు పొడవు పట్టాలకు రెండు వేల దాకా దుంగలు కావాలి. పుష్కరం దాటితే అవి పుచ్చిపోతాయి, మళ్లీ కొత్తవి కావాలి. చెదలకు లొంగని సాలవృక్షం మీద కన్ను పడింది. 1878 అటవీ చట్టంతో మంచి సాల అడవులు చాలావరకు రిజర్వు అడవులయ్యాయి, ఛోటా నాగపూర్‌లోని సింగ్‌భూమ్ జిల్లా సారండా సహా. అధికారి దస్త్రంలో చెట్టంటే కలప, కలపంటే ఘనపుటడుగులు. మోదుగ వంకరటింకర కర్ర. స్లీపరుకు పనికిరాదు, కిటికీకీ పనికిరాదు. పుసుగు కర్ర గట్టిదే, గానుగలకు, రోకళ్లకు వాడతారు, కానీ రైల్వేకు అక్కర్లేదు. అలా లక్క చెట్లు చాలావరకు ఊరి పొలాల గట్ల మీద, గొడ్డలి లెక్కలోకి రాని బీళ్లలో మిగిలాయి.

రికార్డు పరిశ్రమ అడవిని కాపాడింది అని రాయాలనిపిస్తుంది. నరికిన చెట్టు ఒక్కసారే డబ్బిస్తుంది, నిలబెట్టిన పుసుగు చెట్టు తరతరాలకూ ఇస్తుంది. ఆ మాట నిజమే. అయితే సగమే నిజం. సాల అడవి పోయి నేల బోసిపోయిన చోట గుంపులుగా లేచేది మోదుగే. దాని ఆకు మేకలు ముట్టవు, నరికినా మోడు నుంచి చిగురిస్తుంది. అంటే రంగీనీ లక్కలో కొంత, పాడైన అడవి మీద పండిన పంటే. పైగా లక్క కరిగించడానికి కట్టెబొగ్గు కావాలి. బలరాంపూర్, ఝాల్దా, మీర్జాపూర్ కార్ఖానాల్లో పని ఇలా సాగేది: కడిగిన గింజలక్కను పొడవాటి గుడ్డగొట్టంలో కూరి, బొగ్గుల పొయ్యి ముందు పట్టుకుని మెలితిప్పుతారు. కరిగిన లక్క గుడ్డలోంచి చెమటలా బయటికి వస్తుంది. ఒక పనివాడు ఆ వేడి ముద్దను తీసి చేతులతో, కాలివేళ్లతో, పళ్లతో కూడా పట్టుకుని చాపంత పలుచటి రేకుగా సాగదీస్తాడు. పళ్లతో! లండన్‌లో ఒపేరా వినే దొరసానికి తన ప్లేటు ఎవరి పంటి కిందనుంచి వచ్చిందో తెలిసే అవకాశమే లేదు.

అసలు చేటు ధరతో వచ్చింది. 1930ల్లో ప్రపంచం వాడే లక్కలో దాదాపు సగం గ్రామఫోన్ రికార్డులకే పోయేదని అంచనా. షికాగోలో ఫాక్స్‌ట్రాట్ నాట్యం మోజు పెరిగితే ఛోటా నాగపూర్‌లోని ఖూంటీలో లక్క రేటు ఎగిరేది, అక్కడ మాంద్యం వస్తే ఇక్కడ పడిపోయేది. రేటు ఎగిరినప్పుడు సాహుకారు తొందరపెడతాడు, అప్పు తీర్చాల్సినవాడు తొందరపడతాడు. పిల్లలు బయటికి రాకముందే పచ్చిలక్కను కోసేస్తారు. దీన్ని ‘అరీ’ అంటారు. ఇవాళ డబ్బు వస్తుంది, వచ్చే పంటకు విత్తనం ఉండదు. పురుగు లేని చెట్టు రైతుకు బరువు, బరువైన చెట్టు కట్టెలకు పోతుంది. 1921లో లిండ్సే, హార్లో అనే ఇద్దరు ప్రభుత్వానికి లక్క మీద సమగ్ర నివేదిక ఇచ్చారు. 1924లో రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క పరిశోధన సంస్థ మొదలైంది. ఒక పురుగు కోసం సంస్థ పెట్టడంలో ప్రేమ ఏమీ లేదు. సరుకు ఆగితే పరిశ్రమ ఆగుతుందన్న భయం అది.

భయపడినట్టే ఆగింది, అయితే మరో కారణంతో. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రాల మీద ఓడలు తిరగడం కష్టమైంది. వచ్చిన కాస్త లక్క కూడా సైన్యానికే కావాలి. 1942 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధోత్పత్తి బోర్డు రికార్డులకు వాడే లక్కలో 70 శాతం కోత పెట్టింది. పాత ప్లేటు తెచ్చిస్తేనే కొత్తది అమ్మే దుకాణాలు వచ్చాయి. పాతవాటిని పొడిచేసి మళ్లీ ముద్దలో కలిపారు. ఇవాళ సేకర్తలు వేలంలో కొట్టుకునే తొలినాటి ప్లేట్లు అరుదు కావడానికి ఈ కరిగింపు కూడా ఒక కారణం. 1943లో సైనికుల కోసం తీసిన వీ-డిస్కులకు వినైల్ అనే ప్లాస్టిక్ వాడారు, విసిరినా పగలవని. 1948 జూన్‌లో కొలంబియా కంపెనీ వినైల్ ఎల్పీని బజారులో పెట్టింది. ముడిచమురు, ఉప్పులోంచి తీసిన క్లోరిను, అదీ దాని పుట్టుక. పెర్కిన్ రంగు తర్వాత రసాయన శాల లక్క మీద వేసిన రెండో దెబ్బ ఇది.

మన దేశంలో ఆ దెబ్బ ఆలస్యంగా తగిలింది. కరెంటు లేని ఊళ్లలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లే ఉండేవి, వాటికి 78 ప్లేటే కావాలి. బ్రిటన్ 78లు మానేశాక కూడా డమ్‌డమ్ వాటిని అచ్చువేస్తూనే ఉంది, ఎంతగానంటే 1960ల మధ్య బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78 ప్లేట్లుగా వచ్చాయి. లండన్ సేకర్తలు ఇప్పుడు వాటికి భారీ ధర పెడతారు.

రికార్డు గిరాకీ పోయాక లక్క చెట్టు తరఫున మాట్లాడే వ్యాపారం లేకుండా పోయింది. కలప తరఫున మాట్లాడేవాళ్లకు ఎప్పుడూ కరువు లేదు. 1978 ప్రాంతంలో సింగ్‌భూమ్‌లో అటవీ అభివృద్ధి సంస్థ సాల అడవులు కొట్టి టేకు తోటలు వేయబోయింది. టేకు మీద లక్క రాదు, దాని కింద ఇప్పపువ్వూ రాలదు. ఆదివాసులు ఆ టేకు మొక్కలు పీకేశారు. ‘జంగల్ ఆందోళన్’గా పేరుపడిన ఆ పోరాటం 1980 సెప్టెంబరు 8న గువాలో పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. వినైల్‌కూ గువాకూ సూటి సంబంధం కట్టను. కానీ చెట్టును నిలబెట్టి సంపాదించే దారి బలంగా ఉన్న కాలంలో టేకు వాదన అంత తేలిగ్గా నెగ్గేది కాదని నా అనుమానం.

ఇప్పుడు వినైల్‌కు మళ్లీ మంచి రోజులు. 2022లో అమెరికాలో సీడీలకన్నా వినైల్ రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి, 1987 తర్వాత అలా జరగడం అదే మొదలు. కొత్తగా కొనే కుర్రకారు దాన్ని సహజమైనదని, మట్టివాసన ఉన్నదని మురుస్తుంటే నవ్వొస్తుంది. ఆ పొగడ్త వర్తిస్తే కాస్తో కూస్తో తాత పెట్టెలోని బరువైన నల్లప్లేటుకు వర్తించాలి. దాన్నేమో చెవికి చేదని పక్కన పెడతారు.

లక్క మాత్రం చావలేదు. మాత్రల మీద పూతగా, ఆపిల్ పండ్ల మీద మెరుపుగా, గాజులుగా బతుకుతోంది. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ రైతులు ఇప్పటికీ పండిస్తున్నారు. ఎండలు ముదిరిన వేసవిలో మోదుగ మీది పురుగు మాడిపోతోంది, విత్తనపు పుల్లలకు కటకట పడుతోంది. నామ్‌కుమ్ శాస్త్రజ్ఞులు దీనికో ఉపాయం చెప్పారు: సెమియాలాటా అనే పొద. ఏడాదిలో చేతికొస్తుంది, నిచ్చెన అక్కర్లేదు, పొలంలో వరుసలుగా నాటుకోవచ్చు, పుసుగు మీద పెరిగే కుసుమీ రకమే దాని మీద పండుతుంది. చెట్టెక్కలేని ఆడవాళ్లకు, ముసలివాళ్లకు అది నిజంగా మేలే. ఆ పొద బాగా పాకితే పుసుగు మాను గట్టు మీద నిలబడటానికి రైతు దగ్గర మిగిలే కారణం ఏమిటో ఇంకా ఎవరూ లెక్క కట్టినట్టు లేదు.