ఆగిన గుండె మరల ఆడినది
డెన్మార్కు ఫుట్‌బాలు క్రీడాకారుడు ఎరిక్సన్ చరిత్ర

2021 జూన్ 12వ తేదీ సాయంకాలము. డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగన్ నగరమున పార్కెన్ క్రీడాస్థలములో డెన్మార్కు, ఫిన్లాండు దేశముల జట్లు ఫుట్‌బాలు ఆడుచుండెను. అవి ఐరోపా దేశముల ఛాంపియన్‌షిప్పు పోటీలు. 2020లో జరుగవలసినవి కోవిడ్ వ్యాధి కారణమున ఒక యేడు వాయిదా పడినవి. మొదటి సగము ముగియవచ్చుచుండగా, గీత బయటినుండి విసరిన బంతిని అందుకొనబోయిన డెన్మార్కు ఆటగాడొకడు, ఎవరును తాకకుండగనే ముందునకు తూలి నేలపై పడెను. ఆయన పేరు క్రిస్టియన్ ఎరిక్సన్. వయస్సు 29 సంవత్సరములు. కొన్ని క్షణములలో ఆయన గుండె ఆగిపోయినది.

ఆ గుండె మరల కొట్టుకొనినది. ఆయన మరల ఫుట్‌బాలు ఆడెను. దీనిని అద్భుతమని పలువురు చెప్పుకొనిరి. కాని ఈ అద్భుతము వెనుక దాదాపు 250 సంవత్సరముల శాస్త్రకృషి కలదు. ఆ కృషి యొక్క తొలి అడుగులలో ఒకటి అదే కోపెన్‌హేగన్ నగరమున, ఒక కోడిపై జరిగిన ప్రయోగము. అందుచేత ఈ ఆటగాని చరిత్రను, ఆ శాస్త్రచరిత్రను కలిపి తెలిసికొనుట మేలు.

ఆటగాడు

ఎరిక్సన్ 1992 ఫిబ్రవరి 14న డెన్మార్కులోని మిడిల్‌ఫార్ట్ అను చిన్న పట్టణమున జన్మించెను. బాల్యమున ఆ యూరి క్లబ్బులో ఆట నేర్చి, తరువాత ఓడెన్స్ నగరపు క్లబ్బులో చేరెను. 2008లో, పదునారేండ్ల ప్రాయమున, నెదర్లాండ్సులోని అయాక్స్ క్లబ్బునకు వెళ్ళెను. 2010 జనవరిలో ఆ క్లబ్బు యొక్క పెద్దల జట్టులోను, మార్చిలో స్వదేశపు జట్టులోను తొలిసారి ఆడెను. ఆ యేడు దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచకప్పు పోటీలలో పాల్గొన్నవారందరిలో పిన్నవాడు ఆయనయే.

ఆయన మైదానపు నడిమి భాగమున నిలిచి ఆడువాడు. బంతిని ఎవరికి, ఎప్పుడు, ఎంత వేగముతో అందించవలెనో ఇతరులకంటె ముందుగ కనిపెట్టుట ఆయన నేర్పు. 2011, 2012, 2013 సంవత్సరములలో వరుసగ డచ్చి లీగు గెలిచిన అయాక్స్ జట్టులో ఆయన యుండెను. 2013లో లండనులోని టాటెన్‌హామ్ క్లబ్బున చేరి ఆరేండ్లకు పైగ ఆడెను. 2019లో ఆ జట్టు ఐరోపా ఛాంపియన్స్ లీగు ఫైనలు వరకు పోయి, లివర్‌పూల్ జట్టు చేతిలో ఓడెను. 2020 జనవరిలో ఇటలీలోని ఇంటర్ మిలాన్ క్లబ్బునకు మారి, 2021 మే నెలలో అచటి లీగు గెలిచిన జట్టులో ఒకడయ్యెను. ఆ విజయము కలిగిన కొద్ది వారములకే పార్కెన్‌లో పడిపోయెను.

ఆ కొన్ని నిమిషములు

రిఫరీ వెంటనే ఆట నిలిపి వైద్యులను రమ్మని సంజ్ఞ చేసెను. జట్టు నాయకుడు సీమోన్ కేర్ పరుగున పోయి ఎరిక్సన్‌ను చేరెను. వైద్యుడు మోర్టెన్ బోసెన్ వచ్చునప్పటికి ఎరిక్సన్‌కు శ్వాస ఆడుచుండెను, నాడి తెలియుచుండెను. అంతలోనే రెండును నిలిచిపోయెను. వైద్యబృందము ఛాతీపై నొక్కుట ఆరంభించెను. డీఫిబ్రిల్లేటరు అను యంత్రముతో ఒక్కమారు విద్యుత్తు ప్రసరింపజేసిరి. గుండె మరల కొట్టుకొనసాగెను. ఆ సమయమంతయు తోడి ఆటగాండ్రు వలయముగ నిలిచి, ఆయనను ప్రేక్షకుల చూపులనుండి మరుగుపరచిరి. స్పృహ వచ్చిన పిమ్మట ఆయనను ఆసుపత్రికి తీసికొనిపోయిరి.

గుండె ఆగుట యననేమి?

గుండెపోటు వేరు, గుండె ఆగుట వేరు. గుండెపోటులో గుండె కండరమునకు రక్తమును తెచ్చు నాళము మూసుకొనును. రోగి పెక్కుసార్లు స్పృహలోనే యుండి, నొప్పి యని చెప్పగలడు. గుండె ఆకస్మికముగ ఆగుట చాలవరకు విద్యుత్‌క్రమము చెడుటవలన కలుగును. అయితే గుండెపోటు కూడ అట్టి యపాయమునకు దారి తీయవచ్చును.

గుండెలోని కుడి కర్ణికలో ఒక చిన్న కణసమూహము కలదు. విశ్రాంతిగ ఉన్న పెద్దవారిలో అది నిమిషమునకు 60 నుండి 100 పర్యాయములు విద్యుత్ ప్రేరణను పుట్టించును. ఆ ప్రేరణ క్రమముగ వ్యాపించుటచేతనే కండరపు పోగులన్నియు కలిసి ముడుచుకొని రక్తమును ముందునకు నెట్టును. ఈ క్రమము చెడినప్పుడు జఠరికలలోని పోగులు వేటికవి వణకసాగును. పడవలోని వారందరు ఒక్క లయలో తెడ్డు వేసినగాని పడవ సాగదు. ఎవరికి తోచినట్లు వారు వేసినచో నీరు చెదరునేగాని పడవ కదలదు. గుండె యొక్క ఇట్టి వణకునే ఫిబ్రిల్లేషన్ అందురు. రక్తప్రసారము నిలిచిపోవును. క్షణములలో స్పృహ తప్పును. కొలది నిమిషములలో మెదడు చెడనారంభించును.

అట్టి సమయమున ఛాతీగుండ బలమైన విద్యుత్తును క్షణకాలము పంపినచో, చెదరిన విద్యుచ్చలనమంతయు ఒక్కసారి సద్దుమణగును. అప్పుడు గుండె తన సహజమైన లయను మరల అందుకొనవచ్చును. విద్యుత్తు గుండెను నడిపించునని పలువురు భావింతురు. నిజమునకు అది వణకును నిలుపును. నడుచుట గుండె పనియే.

కోడితో మొదలు

1775లో కోపెన్‌హేగన్ నగరపు పశువైద్యుడు పీటర్ క్రిస్టియన్ ఆబిల్‌గార్డ్ తన ప్రయోగములను ప్రకటించెను. ఆయన ఒక కోడి తలకు విద్యుత్తు తగిలింపగా అది చచ్చినట్లు పడిపోయెను. తలకు మరల మరల తగిలించినను లేవలేదు. ఛాతీకి తగిలింపగా లేచి నడచెను. ఈ ప్రయోగమును పెక్కుసార్లు చేసిన పిదప కోడి ఒక దినము మేత ముట్టలేదనియు, తరువాత కోలుకొని గ్రుడ్డు కూడ పెట్టెననియు ఆయన వ్రాసెను. కారణము ఆనాడు తెలియలేదు. గుండెలో విద్యుత్తు కలదను సంగతియే అప్పటికి ఎవరును ఎరుగరు.

1899లో జెనీవా నగరమున ప్రెవో, బాతెల్లి అను శాస్త్రజ్ఞులు కుక్కలపై ప్రయోగించి, స్వల్పమైన విద్యుత్తు గుండెలో వణకు పుట్టించుననియు, బలమైన విద్యుత్తు ఆ వణకును నిలుపుననియు కనుగొనిరి. 1947లో అమెరికాలో క్లాడ్ బెక్ అను శస్త్రవైద్యుడు, శస్త్రచికిత్సలో గుండె ఆగిన 14 ఏండ్ల బాలుని తెరచిన గుండెకు నేరుగ విద్యుత్తు నిచ్చి బ్రతికించెను. 1956లో పాల్ జోల్, ఛాతీని తెరువకయే పైనుండి విద్యుత్తు నిచ్చి మనుష్యుల గుండె వణకును మాన్పవచ్చునని నిరూపించెను.

యంత్రము వచ్చులోపల ప్రాణము నిలుచుటెట్లు? దీనికి సమాధానము జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున యాదృచ్ఛికముగ లభించెను. యంత్రపు పలకలను కుక్క ఛాతీపై గట్టిగ అదిమినప్పుడు, విద్యుత్తు ఇయ్యకమునుపే రక్తపుపోటు కొంత పెరుగుటను గై నికర్‌బాకర్ గమనించెను. ఆయనయు, విద్యుత్ ఇంజనీరు విలియం కౌవెన్‌హోవెన్, వైద్యుడు జేమ్స్ జూడ్‌లును కలిసి, ఛాతీపై చేతులతో నొక్కు పద్ధతిని 1960లో ప్రకటించిరి. ఇందుకు కావలసిన సాధనము రెండు చేతులు మాత్రమే. 1965లో బెల్‌ఫాస్ట్ నగరమున ఫ్రాంక్ పాంట్రిడ్జ్ ఈ యంత్రమును వాహనమునకెక్కించి రోగి యొద్దకే పంపు ఏర్పాటు చేసెను. 1980లో మిషెల్ మిరోవ్‌స్కీ బృందము శరీరములోనే అమర్చు చిన్న యంత్రమును తొలిసారి ఒక రోగికి అమర్చెను.

మరల మైదానమునకు

ఎరిక్సన్ శరీరమున అమర్చినది అట్టి యంత్రమే. అది గుండె లయను ఎల్లప్పుడు కనిపెట్టియుండి, వణకు పుట్టినచో తానే విద్యుత్తు నిచ్చును. ప్రమాదము జరిగిన ఆరు దినములకు ఆయన ఆసుపత్రినుండి ఇంటికి పోయెను. ఈ యంత్రము గలవారు ఇటలీ లీగులో ఆడుటకు అచటి నియమములు ఒప్పుకొనలేదు. అందుచేత 2021 డిసెంబరులో ఇంటర్ క్లబ్బుతో ఒప్పందము రద్దయ్యెను. ఇంగ్లండులో అట్టి నిషేధము లేదు. 2022 ఫిబ్రవరి 26న బ్రెంట్‌ఫోర్డ్ జట్టు తరపున ఆయన మైదానమున అడుగిడెను. పడిపోయిన దినమునకు అది 259వ దినము. నెల తరువాత ఆమ్‌స్టర్‌డామ్‌లో నెదర్లాండ్సుపై స్వదేశము తరపున దిగి, రెండు నిమిషములలో గోలు చేసెను. అదే వారమున, తాను కూలిన పార్కెన్‌లో సెర్బియాపై మరియొక గోలు చేసెను. పిదప మాంచెస్టర్ యునైటెడ్‌కు మూడు సీజనులు ఆడి, 2025లో జర్మనీలోని వుల్ఫ్స్‌బుర్గ్ క్లబ్బున చేరెను. 2024 ఐరోపా పోటీలలో స్లొవేనియాపై ఆయన గోలు చేసిన నాటికి, పార్కెన్‌లో పడి 1,100 దినములైనవి.

మనము గ్రహింపవలసినది

అందరికి ఇట్టి అదృష్టము లభింపలేదు. 2003లో కామెరూన్ ఆటగాడు మార్క్-వివియన్ ఫోయె ఫ్రాన్సులోను, 2004లో బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ మన బెంగుళూరులోను ఆడుచునే కూలి మరణించిరి. ఏ సహాయమును అందనిచో, గడచు ప్రతి నిమిషమునకు బ్రతుకు అవకాశము నూటికి 7 నుండి 10 వంతులు తగ్గునని వైద్యుల లెక్క. అంబులెన్సు ఎంత వేగముగ వచ్చినను ప్రక్కనున్నవానికంటె ముందుగ రాజాలదు.

డెన్మార్కు ఈ సత్యమును గ్రహించి 2005లో పాఠశాలలలో ఈ విద్యను నిర్బంధముచేసెను. మరుసటి యేడు వాహనము నడుపుటకు లైసెన్సు కోరువారికిని దీనిని విధించెను. 2001లో ఆసుపత్రి వెలుపల గుండె ఆగిన వారిలో, ప్రక్కనున్నవారు ఛాతీ నొక్కినది నూటికి 21 మందికే. 2010 నాటికి అది 45 అయ్యెను. నెల దినములు దాటి బ్రతికినవారు అదే కాలమున నూటికి 3.5 నుండి 10.8కి పెరిగిరి. ఆ దేశమున అంతకుమించి మరియెన్నియో ఏర్పాట్లు జరిగినవి గాని, అందులో బడిపిల్లల చేతులకును వంతు కలదు.

ఆ విద్య కఠినమైనది కాదు. పడిపోయిన పెద్దమనిషి పలుకకయు, శ్వాస సరిగ లేకయు ఉన్నచో, 108కి ఫోను చేయించి, ఛాతీ నడుమ రెండు అరచేతులు ఒకదానిపై నొకటి యుంచి, ఐదారు సెంటీమీటర్ల లోతునకు, నిమిషమునకు 100 నుండి 120 పర్యాయములు, సహాయము వచ్చువరకు విడువక నొక్కవలెను. దీనిని తెలిసినవారి యొద్ద బొమ్మపై అభ్యసింపవలెను. విజ్ఞానశాస్త్ర పాఠమున గుండె బొమ్మ గీయించు ఉపాధ్యాయులు ఆ దినముననే ఈ అభ్యాసమును చేయించినచో, ఏదో యొకనాడు ఒక యింటి దీపము ఆరకుండ నిలుచును.