జీవ విషాల విశ్లేషణలో పీహెచ్.డి. అవకాశాలు: దువ్వూరు ప్రాంత పంటల నేపథ్యం

కడప జిల్లా దువ్వూరు మండలంలో కర్నూలు-కడప కాలువ నీటితో పసుపు సాగు చిరకాలంగా జరుగుతున్నది. పొరుగున గల మైదుకూరు పేరుతో ఒక పసుపు రకమే ఉన్నది. జిల్లా మెట్ట భూములకు వేరుశనగ పాత పంట. ఈ రెండు పంటలకూ ఉమ్మడి ముప్పు అఫ్లటాక్సిన్ అనే జీవ విషం. కంటికి కనబడని ఈ విషాన్ని కొలిచే విద్యలో రాష్ట్ర విద్యార్థులకు డాక్టరేటు పరిశోధనావకాశాలు ఉన్నాయి.

ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ జాతి బూజు ఈ విషాన్ని ఉత్పత్తి చేస్తుంది. కాయ ఊరే దశలో బెట్ట తగిలినా, కోత అనంతరం సరిగా ఆరబెట్టకపోయినా ఇది వృద్ధి చెందుతుంది. 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి కలిసిన మేత తిని సుమారు లక్ష టర్కీ కోళ్లు మరణించిన పిమ్మట దీని ఉనికి వెల్లడైంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా మరణించారు. ఆ ఘటనను పరిశోధించినది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. అఫ్లటాక్సిన్లు మానవులలో కాలేయ క్యాన్సరుకు కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ నిర్ధారించింది.

సుగంధ ద్రవ్యాలలో మొత్తం అఫ్లటాక్సిన్లు కిలోకు 30 మైక్రోగ్రాములు మించరాదని భారత ప్రమాణం. యూరోపియన్ యూనియన్‌లో పసుపుకు పరిమితి 10 మాత్రమే. అంటే ఇక్కడ చెల్లిన సరుకు అక్కడ తిరస్కరణకు గురి కావచ్చు. ఆ నష్టం చివరకు రైతుకు చెల్లించే ధరపైనే పడుతుంది.

పరిశోధనకు అసలు పని కొలతలోనే ఉన్నది. బస్తాలో విషం కొద్ది గింజలలోనే కేంద్రీకృతమై ఉంటుంది. అందువలన యంత్రం ఎంత సున్నితమైనదైనా, నమూనా సరిగా తీయనిచో ఫలితం తప్పుతుంది. పసుపులో చిక్కు వేరు: అఫ్లటాక్సిన్ వలెనే కుర్కుమిన్ సైతం అతినీల కాంతిలో ప్రకాశించి పరీక్షకు అడ్డు తగులుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఎలైసా పద్ధతిలో తక్కువ ఖర్చు పరీక్షను రూపొందించారు. మార్కెట్ యార్డులోనే నమ్మకంగా జరపగల పరీక్షలపై ఇంకా కృషి జరగవలసి ఉన్నది.

కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, జాతీయ పోషకాహార సంస్థ ఈ రంగానికి సమీప కేంద్రాలు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులు గలవారు అర్హులు. రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు ఉన్నది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం పొందినవారు సైతం చేరవచ్చు. కోర్సు వ్యవధి కనిష్ఠంగా మూడేళ్లు, సాధారణంగా గరిష్ఠంగా ఆరేళ్లు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ ద్వారా జూనియర్ ఫెలోషిప్ పొందినవారికి 2023 జనవరి నుండి తొలి రెండేళ్లు నెలకు రూ. 37,000, తదుపరి సీనియర్ ఫెలోషిప్ కింద రూ. 42,000 నిర్ణయించారు. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం.