పెద్ద వయసు విద్యార్థులకు సర్కారు సాయం: ఇంగ్లండులో కోతల చరిత్ర

బ్రిటన్ విశ్వవిద్యాలయాల లెక్కల్లో 21 ఏళ్లు నిండాక డిగ్రీలో చేరినవారిని, 25 నిండాక పీజీలో చేరినవారిని మెచ్యూర్ స్టూడెంట్లు అంటారు. బడి మధ్యలో మానేసి పనికి వెళ్లినవారు, పిల్లలు కాస్త ఎదిగాక మళ్లీ పుస్తకం పట్టిన తల్లులు, ఫ్యాక్టరీ మూతపడి కొత్త వృత్తి వెతుక్కుంటున్నవారు, ఆసుపత్రిలో ఆయాలుగా చేస్తూ నర్సు కావాలనుకునేవారు ఇందులో ఉంటారు. 20వ శతాబ్దం రెండో సగంలో వీరిలో చాలామందికి ప్రభుత్వమే ఫీజు కట్టింది, ఇల్లు గడవడానికి గ్రాంటు ఇచ్చింది. 1990 నుంచి ఆ సాయాన్ని దఫదఫాలుగా తగ్గించి, మిగిలినదాంట్లో అధిక భాగాన్ని అప్పుగా మార్చింది.

ఈ కోతల్లో చాలావాటిని ప్రకటించినప్పుడు పెద్ద వయసు విద్యార్థుల ఊసే లేదు. 18 ఏళ్లకు ఇంటి నుంచి హాస్టలుకు వెళ్లే కుర్రకారును మనసులో పెట్టుకుని నిబంధనలు రాశారు. దెబ్బ మాత్రం అద్దె, పిల్లలు, ఉద్యోగం ఉన్నవాళ్లకు ఎక్కువ తగిలింది. కుర్రవాళ్లు ఊరేగింపులు తీశారు, పత్రికలకెక్కారు. పెద్దవాళ్లు దరఖాస్తు పెట్టడం మానేశారు. అందుకే వీరికి జరిగిన నష్టం చాలాకాలం లెక్కల్లో తప్ప ఎక్కడా కనబడలేదు.

తొలి రోజులు

పనిచేసేవారికి చదువు అందించాలన్న ఆలోచన ప్రభుత్వం కంటే ముందు ప్రజల్లోనే పుట్టింది. జార్జ్ బర్క్‌బెక్ తదితరులు 1823లో స్థాపించిన లండన్ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఇవాళ లండన్ విశ్వవిద్యాలయంలో భాగమైన బర్క్‌బెక్. అక్కడ పాఠాలు ఎక్కువగా సాయంత్రాలే జరుగుతూ వచ్చాయి. 1899లో ఆక్స్‌ఫర్డ్‌లో కార్మికుల కోసం రస్కిన్ కళాశాల, 1903లో ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జ్ చొరవతో వర్కర్స్ ఎడ్యుకేషనల్ అసోసియేషన్ వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ప్రభుత్వం చదువు ఖర్చు భరించింది. పెద్ద వయసువారికి విడిగా ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు 1947లో మొదలయ్యాయి కాని, అవి దక్కినవారు కొద్దిమందే.

అసలు మార్పు 1962 విద్యాచట్టంతో వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు ఆండర్సన్ కమిటీ చేసిన సిఫార్సుల ఆధారంగా, మొదటిసారి పూర్తికాలం డిగ్రీలో చేరే ప్రతివారికీ ఫీజు, జీవన గ్రాంటు ఇవ్వడం స్థానిక సంస్థల బాధ్యత అయింది. గ్రాంటు ఎంతన్నది తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి ఉండేది. తన కాళ్ల మీద తాను నిలబడిన పెద్ద వయసు విద్యార్థి విషయంలో మాత్రం తల్లిదండ్రుల సంపాదన అడిగేవారు కాదు. భార్యాబిడ్డలుంటే అదనపు భత్యం, చేరకముందు కొన్నేళ్లు సంపాదించి ఉంటే పెద్ద వయసు భత్యం ఉండేవి. కుటుంబం ఉన్న మనిషి చదువుకుంటే ఎంత ఖర్చవుతుందో తెలిసినవారు రాసిన నిబంధనలివి.

ఒక లోటు మొదటినుంచీ ఉంది. ఈ హక్కు పూర్తికాలం చదివేవారిదే. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు చదివేవారికి సాయం చేయాలా వద్దా అన్నది స్థానిక సంస్థ ఇష్టం. తర్వాతి కథంతా ఈ లోటు చుట్టూనే తిరిగింది.

ఓపెన్ యూనివర్సిటీ

ప్రసారాల ద్వారా నడిచే విశ్వవిద్యాలయం ఆలోచనను లేబర్ నాయకుడు హెరాల్డ్ విల్సన్ 1963లో గ్లాస్గో సభలో ప్రకటించారు. మంత్రి జెన్నీ లీ పట్టుబట్టి దాన్ని సాధించారు. 1969లో రాయల్ చార్టర్ వచ్చింది, 1971 జనవరిలో పాఠాలు మొదలయ్యాయి. చేరడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఫీజు తక్కువ, ఎందుకంటే బోధన ఖర్చులో అధిక భాగాన్ని ప్రభుత్వం నేరుగా విశ్వవిద్యాలయానికే ఇచ్చేది. విద్యార్థి చేతికి చిల్లిగవ్వ అందకపోయినా సాయం అందుతున్నట్టే. తర్వాత ఆ గ్రాంటు తెగినప్పుడు ఏం జరిగిందో అర్థం కావాలంటే ఈ ఏర్పాటు గుర్తుండాలి.

దీని ప్రభావం తెలుగునాట కూడా పడింది. ఈ నమూనా స్ఫూర్తితో 1982లో హైదరాబాదు కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. భారతదేశంలో ఇదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. తొలి ఉపకులపతి ప్రొఫెసర్ జి. రాంరెడ్డి తర్వాత ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ మొదటి ఉపకులపతి అయ్యారు. బడి చదువు లేనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించిన ఆ సంస్థే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం.

ఇంగ్లండులో 1978 నుంచి యాక్సెస్ కోర్సులు వచ్చాయి. బడిలో పరీక్షలు తప్పినవారిని ఏడాదిలో డిగ్రీకి సిద్ధం చేసేవి ఇవి. 1980లలో పెద్ద వయసు విద్యార్థుల సంఖ్య బాగా పెరిగింది.

మొదటి కోతలు

మార్గరెట్ థాచర్ ప్రభుత్వం తెచ్చిన 1990 విద్యార్థి రుణాల చట్టంతో జీవన గ్రాంటు పెరగడం ఆగింది. లోటు పూడ్చుకోవడానికి అప్పు ఇచ్చారు కాని, 50 దాటినవారికి ఆ అప్పు కూడా లేదు. అదే సమయంలో చాలామంది విద్యార్థులకు ఇంటి అద్దె సాయాన్ని, సెలవుల్లో వచ్చే నిరుద్యోగ భృతిని ఆపేశారు. 19 ఏళ్ల విద్యార్థి సెలవులకు అమ్మానాన్నల దగ్గరికి పోగలడు. 35 ఏళ్ల విద్యార్థికి తానే ఇంటి యజమాని, ఆ అద్దె కట్టవలసింది తానే. 1995లో కొత్తగా చేరేవారికి పెద్ద వయసు భత్యాన్ని కూడా రద్దు చేశారు. పెద్దవాళ్లను నేరుగా గురిపెట్టిన కోతల్లో ఇది మొదటి వరుసలోది.

1998లో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం ఏడాదికి 1,000 పౌండ్ల వరకు ఫీజు పెట్టి, మరుసటి ఏడాదికల్లా జీవన గ్రాంటును పూర్తిగా అప్పుగా మార్చింది. ఆ ప్రభుత్వమే తర్వాత పిల్లల సంరక్షణకు గ్రాంటు తెచ్చింది. 2004లో పేద కుటుంబాల విద్యార్థులకు గ్రాంటును చిన్న మొత్తంతో పునరుద్ధరించి, 2006 నాటికి 2,700 పౌండ్లకు పెంచింది. చేసిన తప్పును ఆ ప్రభుత్వం కొంతైనా దిద్దుకుందనాలి.

రెండో డిగ్రీపై వేటు

2007 సెప్టెంబరులో విశ్వవిద్యాలయాల మంత్రి జాన్ డెనమ్ ఒక నిర్ణయం ప్రకటించారు. ఇప్పటికే ఉన్న డిగ్రీకి సమానమైన లేదా అంతకంటే తక్కువ స్థాయి కోర్సు చదివేవారి కోసం విశ్వవిద్యాలయాలకిచ్చే గ్రాంటును 2008–09 నుంచి నిలిపేస్తారు. ఏటా 10 కోట్ల పౌండ్లు మిగులుతాయని, ఆ డబ్బు మొదటిసారి చదివేవారికి వెళ్తుందని చెప్పారు. వినడానికి న్యాయంగానే ఉంది. అయితే రెండోసారి చదివేదెవరు? ఇరవై ఏళ్ల కిందట చరిత్రలో పట్టా తీసుకుని, పిల్లల్ని పెంచి, ఇప్పుడు కంప్యూటర్లు నేర్చుకుని ఉద్యోగంలో చేరదామనుకునే తల్లి. చేస్తున్న పరిశ్రమ కుప్పకూలి వేరే వృత్తికి మారాల్సిన మధ్యవయస్కుడు. అందరికంటే ఎక్కువ నష్టపోయినవి ఓపెన్ యూనివర్సిటీ, బర్క్‌బెక్. పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది, ప్రతిపక్షం ఎదిరించింది. కొన్ని కోర్సులకు మినహాయింపులు వచ్చాయి కాని నిర్ణయం మారలేదు. ఆనాడు ఎదిరించిన కన్సర్వేటివ్ పార్టీ 2010లో అధికారంలోకి వచ్చాక కూడా ఆ నిబంధనను ఎత్తివేయలేదు. 2015 నుంచి ఇంజనీరింగు, కంప్యూటర్ వంటి కొన్ని సబ్జెక్టుల్లో పార్ట్‌టైమ్ చదువుకు మాత్రం సడలించారు.

2012: పార్ట్‌టైమ్ చదువు పతనం

2010 డిసెంబరులో పార్లమెంటు, 2012 నుంచి అమలయ్యేలా, ఫీజు గరిష్ఠ పరిమితిని 9,000 పౌండ్లకు పెంచింది. లండన్ వీధుల్లో పోలీసులకూ విద్యార్థులకూ ఘర్షణలు జరిగాయి. ఆ గొడవలో పార్ట్‌టైమ్ విద్యార్థుల గురించి మాట్లాడినవారు తక్కువ. వారికి పరిమితి 6,750 పౌండ్లు. మొదటిసారిగా వారికి ఫీజు అప్పు ఇస్తామని ప్రభుత్వం చెప్పింది, దాన్ని మేలుగా చూపింది. మరోవైపు విశ్వవిద్యాలయాలకు నేరుగా ఇచ్చే బోధన గ్రాంటులో అధిక భాగాన్ని తీసేసింది. తక్కువ ఆదాయం ఉన్న పార్ట్‌టైమ్ విద్యార్థుల ఫీజు గ్రాంటునూ కొత్తవారికి ఆపింది. దాంతో ఓపెన్ యూనివర్సిటీ ఇంగ్లండులో పూర్తికాలపు ఏడాదికి సమానమైన కోర్సుకు 5,000 పౌండ్లు వసూలు చేయవలసి వచ్చింది. అంతకుముందు ఫీజు దీనిలో చిన్న వంతు.

అప్పు కూడా అందరికీ అందలేదు. ముందే డిగ్రీ ఉన్నవారికి లేదు. పూర్తికాలపు చదువులో నాలుగో వంతు కంటే తక్కువ భారం తీసుకున్నవారికి లేదు. ఒక్క పేపరు చదివి చూద్దాం అనుకునేవారికి తలుపు అక్కడే మూసుకుపోయింది. చేరిన నాలుగేళ్లకు, చదువు పూర్తి కాకపోయినా, ఆదాయం పరిమితి దాటితే వాయిదాలు మొదలవుతాయి. ఉద్యోగం చేస్తూ చదివేవారికి డిగ్రీ సాధారణంగా ఆరేళ్లు పడుతుంది. ఇంటి అప్పు, పిల్లల ఖర్చు ఉన్న నలభై ఏళ్ల మనిషి ఈ లెక్కలు చూసుకుని వెనక్కి తగ్గితే అది పిరికితనం కాదు, బాధ్యత.

ఫలితం త్వరలోనే కనిపించింది. సటన్ ట్రస్ట్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2010, 2015 మధ్య ఇంగ్లండులో పార్ట్‌టైమ్ డిగ్రీ స్థాయి చదువుల్లో కొత్తగా చేరేవారు 51 శాతం తగ్గారు. ఇందులో కనీసం 40 శాతం 2012 మార్పుల వల్లేనని పరిశోధకులు క్లెయిర్ కాలెండర్, జాన్ థాంప్సన్ తేల్చారు. ఆర్థిక మాంద్యం, రెండో డిగ్రీ నిబంధన, యజమానులు ఫీజు భరించడం తగ్గడం కూడా కారణాలే.

డిగ్రీకి కింది మెట్టు కూడా కదిలింది. 2013లో 24 ఏళ్లు నిండినవారి ఇంటర్ స్థాయి, ఆపై స్థాయి వృత్తి కోర్సులకు గ్రాంటు పోయి అప్పు వచ్చింది. అప్రెంటిస్‌షిప్పులకు కూడా అదే పెడితే కొన్ని వందలమందే ముందుకొచ్చారు. ఏడాది తిరగకముందే దాన్ని ఉపసంహరించారు. యాక్సెస్ కోర్సు అప్పును మాత్రం, ఆ తర్వాత డిగ్రీ పూర్తి చేస్తే మాఫీ చేస్తామన్నారు. పూర్తి చేయలేకపోయినవారికి అది అప్పుగానే మిగులుతుంది.

గ్రాంటుల రద్దు, నర్సుల భృతి

2015 జులై బడ్జెట్టులో ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ జీవన గ్రాంటును మళ్లీ రద్దు చేశారు. 2016–17 నుంచి చేరినవారికి, అప్పటిదాకా ఏటా 3,387 పౌండ్ల వరకు ఉచితంగా వచ్చిన మొత్తం అప్పుగా మారింది. ఆ గ్రాంటు పొందుతున్నవారు సుమారు 5 లక్షలమంది. ఇది పెద్ద వయసువారికి, మహిళలకు, మైనారిటీ జాతులవారికి ఎక్కువ నష్టం చేస్తుందని ప్రభుత్వ సొంత సమానత్వ నివేదికే ఒప్పుకుంది. నష్టం ఎవరికో తెలిసీ అమలు చేశారు. ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

మరుసటి ఏడాది వంతు నర్సింగ్ విద్యార్థులది. అప్పటివరకు జాతీయ ఆరోగ్యసేవ నర్సింగ్, ప్రసూతి విద్య, ఫిజియోథెరపీ వంటి కోర్సుల ఫీజు తానే కట్టి, విద్యార్థులకు భృతి ఇచ్చేది. 2017 ఆగస్టు నుంచి కొత్తవారికి రెండూ ఆగిపోయాయి. నర్సింగ్ డిగ్రీలో 4,600 గంటల శిక్షణ ఉంటుంది. అందులో సగం వార్డుల్లో, రాత్రి డ్యూటీలతో సహా. మిగతా విద్యార్థుల్లా పక్కన చిన్న ఉద్యోగం చేసుకోవడానికి సమయం చిక్కదు. ఈ కోర్సుల్లో పెద్ద వయసు మహిళలు ఎక్కువ. మొదటి ఏడాదే దరఖాస్తులు దాదాపు నాలుగో వంతు తగ్గాయి, 25 దాటినవారిలో తగ్గుదల ఇంకా ఎక్కువ. జీవితానుభవం ఉన్నవారిపైనే ఎక్కువ ఆధారపడిన మానసిక ఆరోగ్య నర్సింగ్, బుద్ధిమాంద్యం ఉన్నవారి సేవకు సంబంధించిన నర్సింగ్ విభాగాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. నర్సుల కొరత ఎన్నికల అంశమయ్యాక, 2020 సెప్టెంబరు నుంచి ఏటా కనీసం 5,000 పౌండ్ల గ్రాంటును తిరిగి ఇచ్చారు. చిన్నపిల్లలున్నవారికి దానికి అదనం ఉంది. ఫీజు మాత్రం ఇప్పటికీ అప్పే.

పొరుగు ప్రాంతాలు

కోతలు తప్పనిసరి కావని చెప్పడానికి పక్కనే ఉదాహరణలున్నాయి. స్కాట్లండ్ నర్సింగ్ భృతిని కొనసాగించి 2020–21 నాటికి 10,000 పౌండ్లకు పెంచింది. వేల్స్ ఇయాన్ డైమండ్ కమిటీ సిఫార్సుపై 2018 నుంచి పార్ట్‌టైమ్ విద్యార్థులకూ జీవన గ్రాంటు ఇస్తోంది, అక్కడ పార్ట్‌టైమ్ చేరికలు పెరిగాయి. అదే ఏడాది ఇంగ్లండు కూడా పార్ట్‌టైమ్ విద్యార్థులకు జీవన రుణం తెచ్చింది, కాని దూరవిద్యలో ఉన్నవారిని చాలావరకు బయట ఉంచింది.

ప్రస్తుత స్థితి

2019లో ఫిలిప్ ఆగర్ కమిటీ జీవన గ్రాంటును కనీసం 3,000 పౌండ్లతో తిరిగి తేవాలని, రెండో డిగ్రీ నిబంధన తీసేయాలని సూచించింది. గ్రాంటు సూచనను అప్పటి ప్రభుత్వం పట్టించుకోలేదు. రెండోదాని బదులు జీవితకాల అభ్యసన హక్కు అనే పథకం తలపెట్టింది. నాలుగేళ్ల చదువుకు సరిపడే ఫీజు అప్పును మనిషి తన జీవితంలో ఎప్పుడైనా, ముక్కలు ముక్కలుగా వాడుకోవచ్చు. 2023లో దీనికి చట్టం వచ్చింది, అమలు వాయిదా పడి 2027 జనవరికి వెళ్లింది. ఈలోగా 2023 నుంచి చేరినవారి అప్పు మాఫీ గడువును 30 ఏళ్ల నుంచి 40 ఏళ్లకు పెంచారు.

2024లో వచ్చిన లేబర్ ప్రభుత్వం రెండు వైపులా అడుగులు వేసింది. పీజీ స్థాయి అప్రెంటిస్‌షిప్పులకు డబ్బును 2026 జనవరి నుంచి చాలావరకు 21 ఏళ్ల వరకు వయసున్నవారికే పరిమితం చేసింది. ఎంపిక చేసిన కోర్సుల్లో పేద విద్యార్థులకు జీవన గ్రాంటు మళ్లీ తెస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించింది.

జీవితకాల అభ్యసన హక్కు పథకంలో పొందుపరచిన మరో నిబంధన కూడా ఉంది. ఇప్పటిదాకా ఇంగ్లండులో ఫీజు అప్పుకు వయోపరిమితి లేదు. జీవితకాలం పేరుతో వస్తున్న పథకంలో ఆ అప్పు 60 ఏళ్లలోపు వారికే.