ఎడమ కాలికి పని లేని బండి

పోయిన ఎండాకాలం ఒక రాత్రి మా అత్తమ్మకు ఆయాసం ఎక్కువైంది. మా ఆయన డ్యూటీ మీద వేరే ఊళ్ళో ఉన్నారు. వాకిట్లో కారుంది, నా దగ్గర లైసెన్సుంది. మా గేటు ముందు రోడ్డు ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తు ఎక్కించబోతే మూడుసార్లు బండి ఆగిపోయింది. క్లచ్ వదలడానికి నా కాలు వణికింది. చివరికి పక్కింటాయన ఆటోలో కరీంనగర్ తీసుకుపోయాం. అత్తమ్మ క్షేమంగా తిరిగొచ్చింది కానీ ఆ గేటు దగ్గరి నిమిషాలు నన్ను వదల్లేదు. పాత కారు మార్చే మాట రాగానే "ఈసారి ఆటోమేటిక్ తీసుకుందాం" అన్నాను.

మా మామయ్య రిటైరైన ఆర్టీసీ డ్రైవరు. ఆ మాట వినగానే నవ్వారు. "గేర్లు లేకుంటే అది బండెట్లయితది బిడ్డా, రంగులరాట్నమైతది!"

కోపమొచ్చింది కానీ, ఆయనకు ఆ గేరు మీద అంత ప్రేమ ఎందుకో తెలుసుకోవాలనిపించింది. కూర్చోబెట్టి అడిగితే కథ చాలా దూరం పోయింది.

మన దగ్గర సర్కారు బస్సులు 1932 జూన్ 15న మొదలయ్యాయి. నిజాం రాష్ట్ర రైల్వే కింద 27 బస్సులు, 166 మంది సిబ్బంది. బస్సులు స్కాట్లాండులో తయారైన ఆల్బియన్లు. అప్పటి పెద్ద బండ్లలో గేరు వేయడం అంటే విద్యే. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదలాలి, ఎక్సలేటరు ఇచ్చి మళ్ళీ క్లచ్ తొక్కి చిన్న గేరు వేయాలి. లెక్క తప్పితే పళ్ళు కర్రుమంటాయి, బస్సులో ఉన్న అందరికీ డ్రైవరు కొత్తోడని తెలిసిపోతుంది. దీన్ని 'డబుల్ క్లచ్' అంటారు. మామయ్యకు కూడా ఉస్తాదు ముందు నేర్పింది అదేనట. బి.ఏ.లో తెలుగు చదివిన నాకు క్లచ్‌కి తెలుగు మాట ఏదో తట్టలేదు. దాని అవసరం మామయ్యకూ ఎప్పుడూ పడలేదు!

గేర్లు పళ్ళు కొరక్కుండా కలిసే ఏర్పాటు 1928లో అమెరికాలో కాడిలాక్ కారులో వచ్చింది. తర్వాత పన్నెండేళ్ళు కూడా గడవకముందే, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కారులో క్లచ్ పెడలే లేకుండా చేశారు. అక్కడ జనం దానికి అలవాటు పడిపోయారు. డాలస్‌లో ఉన్న మా ఆడబిడ్డ కొడుకుకు గేరు కారు నడపడమే రాదు.

మన దగ్గర మాత్రం అలా కాలేదు. అంబాసిడర్‌లో, ప్రీమియర్ పద్మినిలో స్టీరింగు పక్కన గేరు. 1983 చివర్లో వచ్చిన మారుతి 800లో సీట్ల మధ్యన గేరు. ఎక్కడున్నా వేయాల్సింది మనిషే. ఆటోమేటిక్ అంటే ధర ఎక్కువ, పెట్రోలు ఎక్కువ తాగేది. చెడిపోతే బాగుచేసే మెకానిక్ మండలంలో దొరకడు. బ్యాటరీ దిగిపోతే నలుగురు తోసి, సెకండ్ గేరులో క్లచ్ వదిలి స్టార్ట్ చేసే వీలూ లేదు. మన వాళ్ళు గేరును పట్టుకుని ఉన్నది మొండితనంతో కాదు, లెక్క చూసుకునే.

ఆ లెక్క 2014లో మారింది. ఆ ఏడాది వచ్చిన మారుతి సెలెరియోలో మామూలు గేరుబాక్సే ఉంచి, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని యంత్రానికి అప్పగించారు. దాన్నే ఏఎంటీ అంటారు. ధర కొద్దిగానే ఎక్కువ, మైలేజీ దాదాపు అంతే. హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ మోకాలు నొప్పి పడేవాళ్ళకు అది వరమైంది.

ఇంతా విన్నాక మా ఆయన అన్నారు కదా, "అందరూ ఆడోళ్ళ కారంటరు."

అప్పుడు నాకు టీవీఎస్ గుర్తొచ్చింది. 1980లో వచ్చిన టీవీఎస్ 50కి గేర్లు లేవు, ఇప్పటి ఎక్స్ఎల్‌కీ లేవు. మా బెజ్జంకి రైతులు దాని మీదే పాలక్యాన్లు, గడ్డిమోపులు, యూరియా బస్తాలు వేసుకుని పోతారు. దాన్ని ఎవరూ ఆడోళ్ళ బండి అనలేదు. అదే గేర్లు లేని స్కూటీ మీద టీచరమ్మ బడికి పోతే మాత్రం ఆ పేరు వచ్చింది. అంటే తేడా గేరులో లేదు, ఎక్కినవాళ్ళలో ఉంది. ఈ మాట అన్నాక ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మామయ్యే ముందు నోరు విప్పారు. 2024 నుంచి కరీంనగర్-హైదరాబాద్ మధ్య తిరుగుతున్న ఎలక్ట్రిక్ బస్సులో ఆయన ఒకసారి పోయారు. అందులో గేర్లు మార్చే పనే లేదు. డ్రైవరు ఎడమ కాలు దారి పొడుగునా ఊరికే ఉందట. "నా కాలు గట్ల ఊకుంటే ఇయ్యాల ఈ నొప్పులుండకపోవు" అన్నారు మోకాలు రుద్దుకుంటూ. ఆ మోకాలికి రోజూ నూనె రాసేది అత్తమ్మే. ఆమె నా వైపు చూసి చిన్నగా నవ్వింది.

ఏఎంటీ కారే తీసుకున్నాం. మొదటి రోజే గేటు దగ్గర బ్రేకు వదలగానే బండి కొంచెం వెనక్కి జారింది. గుండె జల్లుమంది. పక్క సీట్లో ఉన్న మామయ్య "హ్యాండ్ బ్రేక్ గుంజు, ఎక్సలేటరియ్యి, ఇప్పుడు ఇడువు" అన్నారు. ఎక్కేసింది! యంత్రం ఎంత వచ్చినా ఎత్తు సంగతి తెలిసిన మనిషి పక్కనుండాలి.

క్రాసింగు దాకా పోయి రాజీవ్ రహదారి ఎక్కాం. ముందు లారీ నెమ్మదించినప్పుడల్లా మామయ్య ఎడమ కాలు కింద ఏమీ లేని చోట గట్టిగా తొక్కుతూనే ఉంది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

పోయిన నెల అత్తమ్మను చెకప్‌కు కరీంనగర్ నేనే తీసుకుపోయాను.