బడవా, వాలు, రౌడీ: మా పక్క అల్లరి మాటలు

మా పాండూరు పక్క పిల్లోడు అల్లరి చేస్తే తిట్టేదానికి ఒక భాష చాలదు. మా అవ్వ "బడవా" అనేది. ఎదురింటి తమిళామె కూడా అదే మాట అనేది. అది ఎవరి మాట అని ఎవరూ పంచాయితీ పెట్టలేదు. వాళ్ళ "సేట్టై" మన "చేష్ట"నే, రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే. తమిళంలో "వాలు" అంటే తోక. అల్లరి పిల్లోడికీ అదే పేరు. మన ఇండ్లల్లో కూడా "వీడు శానా వాలు" అని కలిపేసుకున్నాము. పోకిరి సంగతి చెప్పనే అక్కరలేదు. 2006లో తెలుగు సినిమా "పోకిరి", 2007లో తమిళంలో "పోక్కిరి". పేరు మార్చే పనే పడలేదు.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ తీర్పుతో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మా తిరువళ్ళూరు అప్పుడు చెంగల్పట్టు జిల్లా. బడి, కచేరి తమిళమైనా తిట్లు మాత్రం ఇంట్లో తెలుగులోనే నిలిచినాయి.

ఇంగ్లీషు మాటలు వేరే దోవలో వచ్చినాయి. "నాటీ" అంటే మొదట ఏమీ లేనివాడు, తర్వాత దుర్మార్గుడు, ఇప్పుడు ముద్దుమాట. "మిస్చిఫ్" అట్ల కాదు. 1860 శిక్షాస్మృతి 425వ సెక్షన్లో అది ఇతరుల ఆస్తికి నష్టం చేసే నేరం. 2024 జూలై నుంచి కొత్త న్యాయసంహితలో 324. బ్యాంకులో సరుకు మీద అప్పిచ్చేటప్పుడు ఇన్సూరెన్సు కాగితాల్లో "రయట్, స్ట్రైక్, మలీషియస్ డామేజ్" అని చూసేవాణ్ణి. ఇంగ్లీషోడి అల్లరికి ఎప్పుడూ లెక్క ఉంటుంది!

"రౌడీ" అమెరికాలో పుట్టిన మాట. మన దేశంలో పోలీసు రికార్డుకెక్కింది. ఆంధ్రలో ఇప్పటికీ రౌడీ షీటు అంటారు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒక అయ్యవారు నన్ను అందరి ముందర రౌడీ అన్నాడు. ఇంటికొచ్చి నవ్వుతా చెప్పినాను. నాయన నవ్వలేదు. "అది స్టేషన్లో రాసే మాట" అని మరుసటి దినం బడికి పోయి, అయ్యవారితో మెల్లగా మాట్లాడి వచ్చినాడు. ఏమన్నాడో నాకు చెప్పలేదు. ఆ అయ్యవారు మళ్ళీ నన్ను ఆ మాట అనలేదు.

ఇప్పుడు చంటిబిడ్డను కూడా "రౌడీ" అని ముద్దు చేస్తా ఉండారు. నాకు మాత్రం నోరు రాదు. మొన్న ఫోన్లో మనవణ్ణి "ఏమిరా బడవా" అంటే, "అంటే ఇంగ్లీషులో ఏమి తాతా?" అన్నాడు. తోచక "రాస్కల్" అన్నాను.

కోడలు పక్కనుంచి, "అయ్యో మామా, వీడు స్కూల్లో అంటే కంప్లెయింటు వస్తాది" అనింది.