శిశువుల్లో ప్రొప్రనలాల్: మోతాదు, పర్యవేక్షణ

ప్రొప్రనలాల్ అధిక రక్తపోటుకు, గుండెదడకు పెద్దలు దశాబ్దాలుగా వాడుతున్న బీటా బ్లాకర్. బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1960లలో దీన్ని రూపొందించారు. పసిపిల్లలకు మాత్రం దీన్ని ఇప్పుడు ఎక్కువగా ఇన్ఫెంటైల్ హీమాంజియోమాకు ఇస్తున్నారు. పుట్టిన కొద్ది వారాల్లో చర్మంపై ఎర్రగా లేచి, మొదటి నెలల్లో వేగంగా ఉబ్బే రక్తనాళాల గడ్డ ఇది. చాలామందిలో ఏ మందూ లేకుండానే క్రమంగా అణిగిపోతుంది. కంటిని కప్పేసినా, శ్వాసకు అడ్డుపడినా, పుండు పడినా వైద్యం తప్పదు.

ఈ ఉపయోగం అనుకోకుండా బయటపడింది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ముక్కు మీది గడ్డకు స్టిరాయిడ్లు వాడుతున్న ఒక బిడ్డకు గుండె కండరం మందమైంది. దానికని ప్రొప్రనలాల్ మొదలుపెట్టిన మర్నాటికే గడ్డ ఎరుపు పోయి ఊదారంగుకు తిరిగింది, మెత్తబడింది. క్రిస్టీన్ లెయోటె-లాబ్రెజ్ బృందం 2008లో ఈ సంగతి ప్రచురించింది. 460 మంది శిశువులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. ఆరు నెలలు పూర్తి మోతాదు వాడినవారిలో 60 శాతం మందికి గడ్డ పూర్తిగా లేదా దాదాపుగా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 4 శాతం మందికే అలా జరిగింది.

మోతాదు

అమెరికాలో 2014లో ఆమోదం పొందిన ద్రవరూప మందును కిలో బరువుకు 0.6 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. వారం తర్వాత 1.1కు, రెండు వారాల తర్వాత 1.7కు పెంచుతారు. ఇవి ఒక్కో పూట మోతాదులు. రోజుకు రెండు పూటలు, మధ్య కనీసం 9 గంటల ఎడం ఉండాలి. బిడ్డ బరువు పెరిగేకొద్దీ లెక్క మళ్లీ వేయాలి.

పెద్ద ప్రమాదం సీసా గాఢతలో ఉంది. 5 కిలోల బిడ్డకు పూర్తి మోతాదు 8.5 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 4.28 మిల్లీగ్రాములుండే ఈ ద్రవంలో అది సుమారు 2 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 8 మిల్లీగ్రాములుండే మరో సీసాలోంచి అదే 2 మిల్లీలీటర్లు తీస్తే బిడ్డ కడుపులోకి 16 మిల్లీగ్రాములు వెళ్తాయి. అందుకే చీటీలో మిల్లీలీటర్లతో పాటు మిల్లీగ్రాములు, గాఢత కూడా రాసి ఉండాలి. ఉగ్గుగిన్నె, టీ చెంచా కొలతకు పనికిరావు. సూదిలేని సిరంజితోనే కొలవాలి. బిడ్డ మందు కక్కేస్తే, ఎంత మింగిందో తెలియకపోతే మళ్లీ పోయకూడదు. తర్వాతి పూట దాకా ఆగాలి.

పాలు, రక్తంలో చక్కెర

ఇంట్లో అందరికంటే ముందు తల్లికి చెప్పాల్సిన విషయం ఇదే. రక్తంలో చక్కెర తగ్గినప్పుడు కాలేయం తన నిల్వల్లోంచి చక్కెరను విడుదల చేస్తుంది. ప్రొప్రనలాల్ ఆ పనికి అడ్డుపడుతుంది. పైగా చక్కెర పడిపోతోందని తెలిపే గుండెదడను, వణుకును కూడా అణిచేస్తుంది. కాబట్టి మందు పాలు తాగుతుండగానో, తాగిన వెంటనేనో పోయాలి. బిడ్డ పాలు ముట్టకపోయినా, వాంతులు చేసుకుంటున్నా ఆ పూట మందు మానేసి డాక్టరుకు చెప్పాలి. మగతగా ఉండి ఎంత లేపినా సరిగా లేవకపోవడం, ఒళ్లు చల్లబడటం, ఫిట్స్ రావడం చక్కెర పడిపోయిన గుర్తులు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జలుబు, దగ్గు ముదిరి పిల్లికూతలు వినిపించినా మందు ఆపి వైద్యులకు చూపించాలి, ఎందుకంటే ఇది శ్వాసనాళాలను బిగుసుకునేలా చేస్తుంది.

పర్యవేక్షణ

మొదటి మోతాదు ఇచ్చినప్పుడు, పెంచిన ప్రతిసారీ రెండు గంటల పాటు గుండె వేగం, రక్తపోటు గమనించాలి. గుండె నిమిషానికి 80 కంటే తక్కువ కొట్టుకుంటున్నా, రక్తపోటు 50/30 కంటే తక్కువున్నా, బిడ్డ 2 కిలోల బరువు లేకపోయినా ఈ మందు ఇవ్వరు. ఉబ్బసం ఉన్నవారికీ, నెలలు నిండకుండా పుట్టి సవరించిన వయసు 5 వారాలు దాటనివారికీ ఇదే నియమం. పసిపిల్లల బీపీ చూడటం ఓపికతో కూడిన పని. ఏడుస్తున్న బిడ్డకు అంకె ఎక్కువ చూపుతుంది, పట్టీ ఇరుకైనా అంతే. బిడ్డ నిద్రలోనో ప్రశాంతంగానో ఉన్నప్పుడు, చేతికి సరిపోయే పట్టీతో చూడాలి.

ముఖం మీద పెద్ద గడ్డ ఉన్నవారిలో మెదడు రక్తనాళాలు సన్నగా ఉండవచ్చు. అలాంటప్పుడు రక్తపోటు తగ్గితే పక్షవాతం ముప్పు ఉంటుంది కనుక, మందుకు ముందే ఎంఆర్ఐ తీయించి చూస్తారు. చికిత్స సాధారణంగా కనీసం ఆరు నెలలు సాగుతుంది. ఆపాక కొందరిలో గడ్డ మళ్లీ పెరుగుతుంది, వారికి తిరిగి మొదలుపెట్టాల్సి రావచ్చు.