లలిత గారి వెనక ఎవరెవరున్నారు?

మార్చి నెలలో మహిళా దినోత్సవానికి మన తరగతుల్లో పిల్లల చేత పోస్టర్లు వేయిస్తుంటాం. ఆ పోస్టర్లలో తప్పక ఉండాల్సిన తెలుగు పేరు అయ్యలసోమయాజుల లలిత. భారతదేశంలో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో ఆమెదే మొదటి పేరు.

అయితే "తొలి మహిళ" అన్న మాటతో ఒక చిక్కుంది. అది వినగానే పిల్లలకు ఆమె మనలాంటి మనిషి కాదేమో అనిపిస్తుంది. ధైర్యం ఉంది కాబట్టి వెళ్ళింది, తెలివుంది కాబట్టి గెలిచింది అనుకుంటారు. అంత ధైర్యం తనకు లేదనుకునే పిల్ల అక్కడే ఆగిపోతుంది. లలిత గారి జీవితాన్ని కాస్త దగ్గరగా చూస్తే, ప్రతి మలుపులోనూ పెద్దవాళ్ళు ఎవరో ఒకరు ఆమె కోసం ఒక పని చేసి పెట్టడం కనిపిస్తుంది. ఆ పనులేమిటో తెలుసుకోవడం పిల్లల కన్నా ముందు మనకు, అంటే తల్లిదండ్రులకు, టీచర్లకు అవసరం.

లలిత గారు 1919 ఆగస్టు 27న మద్రాసులో ఒక మధ్యతరగతి తెలుగు కుటుంబంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో అయిదో సంతానం. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. 1794లో సర్వే బడిగా మొదలైన ఆ కాలేజీ దేశంలోని చాలా పాత సాంకేతిక విద్యాసంస్థల్లో ఒకటి. ఇంట్లో మగపిల్లలు ఇంజనీర్లయ్యారు. ఆడపిల్లలకు మాత్రం ప్రాథమిక చదువుతో సరి. లలిత గారికి 1934లో, 15 ఏళ్ళకే పెళ్ళి చేశారు. 1930లో అమల్లోకి వచ్చిన శారదా చట్టం ప్రకారం అప్పటికి అమ్మాయి పెళ్ళికి కనీస వయసు 14 ఏళ్ళు. కాబట్టి ఆ కాలానికి ఇదేమీ వింత కాదు. పెళ్ళయినా చదువు ఆగకూడదని తండ్రి పట్టుబట్టడం వల్ల ఆమె ఎస్.ఎస్.ఎల్.సి. పూర్తి చేశారు.

1937లో కూతురు పుట్టింది. నాలుగు నెలలు తిరిగేసరికి భర్త చనిపోయారు. అప్పటికి ఆమెకు 18 ఏళ్ళు.

దీని అర్థం ఏమిటో ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు విడమరిచి చెప్పాలి. రాజమండ్రిలో 1881లో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించి అప్పటికే 50 ఏళ్ళు దాటింది. అయినా చాలా కుటుంబాల్లో భర్త పోయిన ఆడపిల్ల బతుకు ఒక మూల గదికి పరిమితమయ్యేది. శుభకార్యాల్లో ఆమెకు చోటుండేది కాదు. కొన్నిళ్ళలో తల గొరిగించే ఆచారం కూడా ఇంకా ఉంది. ఆ స్థితిలో లలిత గారు తిరిగి చదువుకోవాలని నిర్ణయించుకున్నారు. మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ ఫస్ట్ క్లాసులో పాసయ్యారు.

ఆ తర్వాత ఏం చదవాలి? ఆ రోజుల్లో పెద్ద చదువులు చదివే ఆడవాళ్ళకు వైద్యం కొత్త కాదు, ఆ దారి అప్పటికే ఉంది. కానీ డాక్టరైతే అర్ధరాత్రి పిలుపొచ్చినా చంటిపిల్లను వదిలి వెళ్ళాలి. ఆమెకు వేళకు వెళ్ళి వేళకు ఇంటికొచ్చే పని కావాలి. ఇంజనీరింగ్ వైపు మొగ్గడానికి ఇదొక ముఖ్య కారణం. పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. గొప్ప నిర్ణయాల వెనక గొప్ప ఆశయాలే ఉండాలని లేదు. పసిపిల్ల నిద్రవేళ కూడా ఒక కారణమే.

గిండీలో అప్పటిదాకా అమ్మాయిల్ని చేర్చుకోలేదు. అడ్మిషన్ కావాలంటే ఎవరో ఒకరు వెళ్ళి అడగాలి. సుబ్బారావు గారు అడిగారు. ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడారు. ప్రభుత్వ విద్యాశాఖ డైరెక్టర్‌గా ఉన్న ఆర్.ఎం. స్టాథమ్ గారి అనుమతి కూడా సంపాదించారు. 1940లో లలిత గారు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తన కూతుళ్ళకు కొద్దిపాటి చదువు చాలనుకున్న ఇంట్లోంచే ఈ తండ్రి లేచి ఆఫీసుల చుట్టూ తిరిగారు. మనిషి మారవచ్చు. నిన్న ఒకలా ఆలోచించిన తండ్రి ఇవాళ ఇంకోలా చేయవచ్చు. మన తరగతి గదుల బయట కూర్చునే నాన్నలకు, తాతయ్యలకు ఈ మాట చేరాలి.

సీటు దొరికాక కూడా కష్టం తీరలేదు. వందలమంది మగపిల్లలున్న కాలేజీలో, హాస్టల్లో ఆమె ఒక్కతే ఆడపిల్ల. కూతురు దగ్గరలోనే బంధువుల ఇంట్లో పెరుగుతోంది. లలిత గారు వారం వారం వెళ్ళి చూసి వచ్చేవారు. తోటి విద్యార్థులు ఆమెతో మర్యాదగానే ఉన్నారని తర్వాతి రోజుల్లో ఆమె కుటుంబం చెప్పింది. అయినా చుట్టూ ఉన్నవాళ్ళు మంచివాళ్ళైనంత మాత్రాన ఒంటరితనం పోదు. ఆ మరుసటి ఏడు కేరళ ప్రాంతం నుంచి లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా అనే ఇద్దరమ్మాయిలు సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఒక్కరు కాస్తా ముగ్గురయ్యారు. ఈ త్రేసియా గారే తర్వాత 1971లో కేరళ ప్రజా పనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు.

1943లో లలిత గారి చదువు పూర్తయింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండడంతో అప్పట్లో కోర్సుల కాలం కొన్ని నెలలు తగ్గించారు. ఆమె పట్టా కాగితం చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. అచ్చులో అంతటా మగవారికి వాడే "హి" అనే మాట ముందే వేసి ఉంది. అధికారులు దాన్ని కొట్టేసి "షి" అని దిద్దారు. కాలేజీ తలుపు తీసింది గానీ, కాగితాలు ఇంకా తీయలేదన్నమాట. ఇది క్లాసులో చెబితే పిల్లలు నవ్వుతారు. నవ్విన తర్వాత, ఇవాళ మనం నింపే ఫారాల్లో, మనం మాట్లాడే మాటల్లో అలాంటివి ఇంకేం మిగిలాయో అడిగి చూడండి.

పట్టాతోనే ఇంజనీరు కారు, పని నేర్చుకోవాలి. ఆమె బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ప్రాక్టికల్ శిక్షణ పొందారు. తర్వాత సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఉద్యోగం చేశారు. అక్కడ సోదరుడి ఇంట్లో ఉన్నారు. కొంతకాలం తండ్రి పరిశోధనల్లోనూ సాయం చేశారు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. అక్కడా మరో సోదరుడి కుటుంబం ఉండడం ఆమె ఆ ఊరు ఎంచుకోవడానికి ఒక కారణం. కూతురు ఆ ఇంటి పిల్లలతో పాటు పెరిగింది, తల్లి నిశ్చింతగా ఆఫీసుకు వెళ్ళింది. విద్యుత్తు లైన్ల డిజైన్, సబ్‌స్టేషన్ల లేఅవుట్ ఆమె పనులు. భాక్రా నంగల్ డ్యామ్ జనరేటర్ల పనిలోనూ ఆమె చేయి ఉంది. 1953లో లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా చేర్చుకుంది.

ఇక అమెరికాలో ఉన్న మనకు బాగా దగ్గరి సంగతి. ఇక్కడి మహిళా ఇంజనీర్లు 1950లో సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్ అనే సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘమే 1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిపింది. అప్పటికి భారతదేశంలో అలాంటి సంఘమే లేదు. లలిత గారు తన సొంత హోదాలోనే ఆ సదస్సుకు వచ్చారు. తిరిగి వెళ్ళాక ఊరుకోలేదు. 1965లో లండన్‌లోని విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీలో సభ్యురాలయ్యారు. 1967లో కేంబ్రిడ్జిలో జరిగిన రెండో సదస్సుకు భారతదేశం తరఫున ప్రతినిధిగా పనిచేశారు. ఒకప్పుడు తన కోసం ఇతరులు అడిగారు. ఇప్పుడు ఇతరుల కోసం ఆమె నిలబడ్డారు. 1977లో ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. 1979లో 60 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇంతవరకు విన్న పిల్లలెవరైనా ఒక ప్రశ్న వేయాలి. వేయకపోతే మనమే వేయాలి. తండ్రి ప్రొఫెసర్ కాబట్టి ఆమెకు సాగింది, మరి అలాంటి తండ్రి లేనివాళ్ళ సంగతేమిటి?

దీనికి జవాబు అదే మద్రాసులో, అదే 1937లో ఉంది. లలిత గారు భర్తను పోగొట్టుకున్న ఆ ఏడే దుర్గాబాయి గారు మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్ళిని కాదనుకున్నారు. బడి చదువు మధ్యలో ఆగినా కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు సొంతంగా చదివి పాసయ్యారు. తర్వాత బి.ఏ., ఆపైన లా చదివారు. తాను నడిచిన ఆ దారినే మహిళా సభలో ఇతర స్త్రీలకు చూపించారు. చదువు మధ్యలో మానేసిన తెలుగు స్త్రీలకు అక్కడ మెట్రిక్ పరీక్షకు తరగతులు నడిపారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు. పెద్దవయసు స్త్రీలు తక్కువ కాలంలో చదువు పూర్తిచేసే కోర్సులు ఆ బోర్డు ద్వారా దేశమంతా నడిచాయి. ఒక తండ్రి ఒక కూతురికి చేసినదాన్ని ఒక సంస్థ వేలమందికి చేయగలదని దుర్గాబాయి గారు చూపించారు.

తర్వాతి తరాల్లో ఇలాంటి ఆసరా చట్టంలోకీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వృత్తివిద్యా కోర్సుల సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకు కేటాయించారు. 1983లో తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మొదలైంది. ఎంసెట్ రాసి, ఆ సీట్లలో చదువుకుని, ఉద్యోగాలు చేసిన అమ్మాయిలు ఎందరో ఇవాళ ఇక్కడ మన బడుల్లో తల్లులు, టీచర్లు.

వాళ్ళలో కొందరి కథ మధ్యలో ఆగింది కూడా. హెచ్-4 వీసా మీద వచ్చినవాళ్ళకు చాలా ఏళ్ళు ఇక్కడ ఉద్యోగం చేసే వీలే లేదు. 2015 మే నెలలో వచ్చిన నిబంధనతో, భర్తదో భార్యదో గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే రెండోవారికి పని అనుమతి దొరకసాగింది. ఈలోగా చేతిలో ఇంజనీరింగ్ పట్టా ఉన్న అమ్మలు ఇంట్లో ఉండిపోయారు. పిల్లల కళ్ళకు కనిపించేది మాత్రం "నాన్న ఇంజనీరు, అమ్మ ఆదివారం తెలుగు నేర్పుతుంది" అన్నంతే. అమ్మ చదివినది ఏమిటో, ఏ కాలేజీలో చదివిందో, ఏ సబ్జెక్టు ఇష్టమో తెలియని పిల్లలు మన తరగతుల్లోనే ఉన్నారు. లలిత గారి పోస్టర్ వేసే ముందు వాళ్ళకు తెలియాల్సిన చరిత్ర వాళ్ళ ఇంట్లోనే ఉంది.

కాబట్టి ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేత తేదీలు వల్లె వేయించకండి. లలిత గారి పేరు బోర్డు మీద రాసి, చుట్టూ ఆమెకు సాయపడిన వాళ్ళ పేర్లు పిల్లలనే చెప్పమనండి. నాన్న, ప్రిన్సిపాల్, డైరెక్టర్, తర్వాత చేరిన ఇద్దరు స్నేహితురాళ్ళు, పిల్లను పెంచిన బంధువులు, సోదరుల కుటుంబాలు. ఒక్కొక్కరు చేసిన పని ఏమిటో ఒక్క వాక్యంలో రాయించండి. ఆ తర్వాతి వారానికి ఇంటిపని ఒకటే: అమ్మనో, అత్తనో, అమ్మమ్మనో, నాయనమ్మనో "నువ్వేం చదవాలనుకున్నావు? నీకోసం ఎవరు అడిగారు? ఎవరు వద్దన్నారు?" అని తెలుగులో అడిగి, జవాబు తెలుగులోనే రాసి తేవాలి. వితంతువు అనే మాట వచ్చినప్పుడు దాటవేయకండి, జాలి కథలాగానూ చెప్పకండి. అడిగినదానికి మాత్రం సూటిగా జవాబు చెప్పండి. బంధువుల్లో భర్తను కోల్పోయినవారున్న పిల్లలు తరగతిలో ఉండొచ్చని గుర్తుంచుకోండి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ అమ్మాయి రోబోటిక్స్ క్లబ్బులో ఒక్కతే ఆడపిల్ల అయితే, "నువ్వు ధైర్యంగా ఉండు" అని చెప్పి పంపడంతో మీ పని అయిపోదు. రెండో అమ్మాయిని వెతకండి. మన బడిలోనే దొరుకుతుంది. కోచ్‌కి ఈమెయిల్ రాయాల్సి వస్తే రాయండి. కారులో దింపి రావడానికి ఇంకో ఇంటివాళ్ళతో వంతులు వేసుకోండి. మన బడిలో ఇంజనీర్లుగా పనిచేసే అక్కలు, పిన్నులు చాలామందే ఉన్నారు. నెలకో శనివారం వాళ్ళలో ఒకరు వచ్చి, తాము ఆఫీసులో నిజంగా ఏం చేస్తారో పెద్ద తరగతి అమ్మాయిలకు తెలుగులో చెప్పేలా ఏర్పాటు చేయండి. ఇంట్లో ఉన్న పట్టాలు అటక మీద ఉంటే దించండి. ఎనిమిదేళ్ళ పిల్లకు అమ్మ పేరు ఆ కాగితం మీద చదవడం వస్తే, అదే ఆ వారం పాఠం.